అద్దం పెడితే గది పెరగదు

హాస్టల్ గదిలో ఒక గోడకి నిలువుటద్దం పెట్టి చూడండి. గది రెట్టింపు అయినట్టు కనిపిస్తుంది. కానీ ఆ కనిపించే గదిలో ఇంకో మంచం పట్టదు, ఇంకో బల్ల పట్టదు. టాబ్లెట్‌కి బయటి మానిటర్ తగిలించినప్పుడు చాలాసార్లు మనకి దొరికేది ఇలాంటి అద్దపు గదే. టాబ్‌లో ఏముందో పెద్ద తెర మీద కూడా అదే. రెండో మానిటర్ తగిలిస్తే అందులోనూ అదే. సెట్టింగ్స్ భాషలో దీని పేరు మిర్రర్. మనకి కావల్సింది ఎక్స్‌టెండ్, అంటే గదికి నిజంగా ఇంకో గది కలపడం. టాబ్‌లో నోట్స్, ఒక మానిటర్‌లో కోడ్, ఇంకో మానిటర్‌లో అవుట్‌పుట్.

నా వాదన సూటిగా చెప్తాను. టాబ్లెట్‌కి ఎన్ని మానిటర్లు పెట్టుకోవచ్చు అన్నదాన్ని తీగ కొంత తేలుస్తుంది, చిప్ కొంత తేలుస్తుంది, మిగతాది కంపెనీ కూర్చుని తీసుకున్న నిర్ణయం. ఆ నిర్ణయం వాళ్ల ఇష్టమే అనుకుందాం. కనీసం కొనే ముందు అది మనకి కనబడేలా చెప్పాలి కదా. ఇప్పుడు అలా చెప్పట్లేదు.

ఇదేదో గాడ్జెట్ పిచ్చి ఉన్నవాళ్ల గొడవ అనుకోకండి. అడ్మిషన్లు అయిపోగానే జూనియర్లు అడిగే ప్రశ్నల్లో ఇదొకటి: "అక్కా, లాప్‌టాప్ బదులు టాబ్ తీసుకుంటే సరిపోతుందా? పీడీఎఫ్‌లు చదువుకోవచ్చు, పెన్‌తో రాసుకోవచ్చు. కోడింగ్ చేసేటప్పుడు ఎలాగూ మానిటర్ పెట్టుకోవచ్చు కదా?" ఆ "ఎలాగూ" అన్న మాట దగ్గరే నాకు భయం. చాలా ఇళ్లలో ఈ కొనడం ఒక్కసారే జరుగుతుంది. నాన్న ఈఎమ్ఐ పెడతారు, నాలుగేళ్లు అదే మెషీన్‌తో గడపాలి. షాపులో ఆడుకుని చూస్తే టాబ్ ఎంత బాగుందో తెలుస్తుంది. మానిటర్ పెడితే ఏమవుతుందో మాత్రం ఇంటికొచ్చాకే తెలుస్తుంది.

మా ఫ్లోర్‌లో ఒకమ్మాయి దగ్గర మంచి టాబ్ ఉంది. ఆన్‌లైన్‌లో ఒక డాక్ తెప్పించుకుంది. డబ్బా మీద పెద్ద అక్షరాలతో "ట్రిపుల్ డిస్‌ప్లే" అని రాసి ఉంది. రెండు పాత మానిటర్లు సంపాదించి, బల్ల మీద సర్ది, కేబుల్స్ పెట్టింది. "ఏంటే ఇది, రెండిట్లో ఒకటే వస్తోంది?" అంది. డాక్ పాడవలేదు. టాబ్ పాడవలేదు. డబ్బా అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, వేర్వేరు బొమ్మలు విండోస్‌లో మాత్రమే అని. పైన పటారం, లోన లొటారం అంటారు చూడండి, అదే.

ఎందుకిలా అవుతుందో చూద్దాం. ముందు తీగ లెక్క. ఇది మామూలు గుణకారమే. ఫుల్ హెచ్‌డీ తెర అంటే 1920 ఇంటూ 1080 పిక్సెల్స్. ఒక్కో పిక్సెల్‌కి 24 బిట్లు. సెకనుకి 60 సార్లు తెర మొత్తం గీయాలి. అన్నీ గుణిస్తే సెకనుకి దాదాపు 3 గిగాబిట్లు. 4కె అయితే దానికి నాలుగింతలు, అంటే 12 గిగాబిట్ల దాకా.

ఇప్పుడు టైప్-సి పోర్ట్. అందులో 24 పిన్నులు ఉంటాయి. వేగంగా డేటా మోసే నాలుగు లేన్ల మీద యూఎస్‌బీ డేటా బదులు డిస్‌ప్లేపోర్ట్ సిగ్నల్ పంపొచ్చు. దీన్ని ఆల్ట్ మోడ్ అంటారు. డిస్‌ప్లే ప్రమాణాలు రాసే వెసా సంస్థ దీన్ని 2014లోనే ప్రకటించింది. చాలా డాక్‌లు రెండు లేన్లు బొమ్మకి ఇచ్చి, మిగతా రెండూ పెన్‌డ్రైవ్, లాన్ లాంటి వాటికి వదిలేస్తాయి. డిస్‌ప్లేపోర్ట్ 1.2 లెక్కలో ఒక లేన్ వేగం 5.4 గిగాబిట్లు. ఎన్‌కోడింగ్ ఖర్చు తీసేస్తే రెండు లేన్లకీ కలిపి 8.64 గిగాబిట్లు చేతికొస్తాయి. రెండు ఫుల్ హెచ్‌డీ మానిటర్లకి, ఫ్రేముల మధ్య ఖాళీ సమయం కూడా కలుపుకున్నా, 7 గిగాబిట్లు చాలు. నాలుగు లేన్ల రోడ్డులో సగం వేరే బళ్లకి ఇచ్చేసినా మన రెండు పాత మానిటర్లు హాయిగా వెళ్లిపోతాయన్నమాట.

ఒకే తీగలో రెండు వేర్వేరు బొమ్మలు పంపడం కూడా కొత్త విద్యేం కాదు. ఎమ్ఎస్‌టీ అనే పద్ధతి డిస్‌ప్లేపోర్ట్ 1.2తో పాటే 2010లో వచ్చింది. మనం అప్పుడు ఎల్‌కేజీకి కూడా వెళ్లలేదు. విండోస్ దాన్ని అర్థం చేసుకుంటుంది, క్రోమ్ఓఎస్ అర్థం చేసుకుంటుంది. మ్యాక్ఓఎస్ మాత్రం ఎమ్ఎస్‌టీ డాక్‌లోని రెండు పోర్టులకీ ఒకే బొమ్మ పంపిస్తుంది. ఐప్యాడ్‌దీ అదే దారి. మా ఫ్లోర్‌లో జరిగిన దాని వెనకున్న కథ కూడా ఇలాంటిదే. డాక్‌కి రెండు బొమ్మలు పంచడం వచ్చు, పంపేవాళ్లు ఒక్కటే పంపారు.

తీగ దగ్గర నిజంగా ఆగిపోయే కేసు ఒకటుంది. తక్కువ ధర టాబ్‌లలో చాలా వాటికి టైప్-సి కన్నం ఉన్నా, లోపల యూఎస్‌బీ 2.0 మాత్రమే ఉంటుంది, వీడియో బయటకి రాదు. శామ్‌సంగ్ గెలాక్సీ టాబ్ ఎస్6 లైట్ అలాంటిది. పేరులో ఎస్ ఉంది కదా అని పెద్ద ఎస్ సిరీస్ లాగా మానిటర్ పెట్టబోతే ఛార్జింగ్ అవుతుంది, అంతే. పోనీ యూఎస్‌బీ 2.0 అంటే వీడియో ఉండదని గుర్తుపెట్టుకుందామా? అదీ కుదరదు. 2022లో వచ్చిన పదో తరం ఐప్యాడ్‌లో డేటా వేగం యూఎస్‌బీ 2.0దే, అయినా 4కె బొమ్మ 30 హెర్ట్జ్ దగ్గర బయటకి వస్తుంది. కాకపోతే అది అద్దమే. కన్నం చూసి చెప్పలేం, స్పీడ్ చూసి చెప్పలేం.

తీగ తర్వాత చిప్. ప్రతి తెరకీ చిప్ లోపల ఒక డిస్‌ప్లే కంట్రోలర్ కావాలి. జీపీయూ తయారుచేసిన బొమ్మని మెమరీలోంచి చదివి, సెకనుకి 60 సార్లు తీగ మీదకి పంపేది అదే. పెళ్లి భోజనాల్లో వంటవాళ్లు ఎంత వేగంగా వండినా వడ్డించేవాళ్లు ఇద్దరే ఉంటే, ఒకేసారి రెండు పంక్తులకే వడ్డన. యాపిల్ ఎమ్1 చిప్‌లో ఉన్నది ఇద్దరే. అందుకే 2020 నాటి ఎమ్1 మ్యాక్‌బుక్ ఎయిర్‌కి సొంత తెర కాకుండా ఒక్క మానిటరే కుదిరింది. ఎమ్1 ఐప్యాడ్‌కి రెండో మానిటర్ ఎందుకు లేదు అంటే, ఇది నిజాయితీ ఉన్న జవాబు. దీని మీద నాకు ఫిర్యాదు లేదు. లేని వడ్డించేవాణ్ణి సాఫ్ట్‌వేర్ పుట్టించలేదు.

నా ఫిర్యాదు మూడోదాని మీద. ఎమ్1 ఐప్యాడ్ ప్రో 2021 మేలో అమ్మకానికి వచ్చింది. 6కె మానిటర్‌ని కూడా నడపగలదని స్పెసిఫికేషన్లలోనే ఉంది. కానీ కొన్ని యాప్‌లు వీడియోలు, స్లైడ్లు విడిగా చూపించడం తప్ప, మామూలుగా మానిటర్ మీద వచ్చేది టాబ్ తెర నకలే, రెండు పక్కలా నల్లటి పట్టీలతో. విడి కిటికీలు, విడి యాప్‌లు పెట్టుకునే ఎక్స్‌టెండ్ సౌకర్యం 2022 డిసెంబర్‌లో ఐప్యాడ్ఓఎస్ 16.2 అప్‌డేట్‌తో వచ్చింది. మధ్యలో 19 నెలలు. ఆ 19 నెలల్లో జనం చేతుల్లో ఉన్న టాబ్‌ల లోపల ఒక్క స్క్రూ కూడా మారలేదు. మారింది సాఫ్ట్‌వేర్. అంటే అప్పటిదాకా అడ్డంగా ఉన్నది కూడా సాఫ్ట్‌వేరే.

లాప్‌టాప్‌లలోనూ ఇలా జరిగింది. 2023 చివర్లో వచ్చిన 14 అంగుళాల ఎమ్3 మ్యాక్‌బుక్ ప్రోకి ఒక్క బయటి మానిటరే అన్నారు. 2024 జూలైలో మ్యాక్ఓఎస్ 14.6 వచ్చాక, మూత మూసి ఉంచితే రెండు మానిటర్లు పనిచేశాయి. ముందు లేదన్నది ఒక అప్‌డేట్‌తో ఉందయింది.

ఎమ్4 తరానికి వద్దాం. 2025లో వచ్చిన ఎమ్4 మ్యాక్‌బుక్ ఎయిర్ సొంత తెర వెలుగుతూ ఉండగానే రెండు 6కె మానిటర్లు నడుపుతుంది. దానికంటే ముందే, 2024లో ఎమ్4 ఐప్యాడ్ ప్రో వచ్చింది. దానికి బయటి మానిటర్ ఒక్కటే. చిప్ పేరు ఒకటే, పోర్ట్ థండర్‌బోల్టే, రెండిటిలోనూ ఫ్యాన్ లేదు. సన్నగా ఉంది కాబట్టి వేడెక్కుతుంది అనొచ్చు, 13 అంగుళాల ఐప్యాడ్ ప్రో మందం 5.1 మిల్లీమీటర్లే మరి. కానీ ఒక్క 6కె మానిటర్‌లో 2 కోట్లకి పైగా పిక్సెల్స్ ఉంటాయి. రెండు ఫుల్ హెచ్‌డీ మానిటర్లు కలిపినా 42 లక్షలు దాటవు. ఐదింతల బరువు మోయగలవాడు రెండు చిన్న సంచులు పట్టుకోలేడంటే, బరువు వల్ల అంటే నేను నమ్మను.

టాబ్లెట్ ఆకారంలోనే ఆ లోపం ఉందనుకునేవాళ్లకి మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ ప్రో 8 జవాబు. అదీ చేతిలో పట్టుకుని పెన్‌తో రాసే టాబే. 2021లో రెండు థండర్‌బోల్ట్ 4 పోర్టులతో వచ్చింది, రెండు 4కె మానిటర్లని 60 హెర్ట్జ్‌లో నడుపుతుంది. లోపల ఉన్నది విండోస్ కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. కంప్యూటర్ అనుకుని తయారుచేస్తే రెండు మానిటర్లు వస్తాయి, టాబ్ అనుకుని తయారుచేస్తే ఒకటి వస్తుంది. శామ్‌సంగ్ డెక్స్ 2017లో ఫోన్‌తో మొదలై 2018లో టాబ్ ఎస్4 మీదకి వచ్చింది. మానిటర్ మీద టాస్క్‌బార్, కిటికీలు అన్నీ కంప్యూటర్ లాగానే ఇస్తుంది. చాలా మంచి పని. కానీ లెక్క అక్కడా ఒక్క మానిటరే.

అడ్డదారి లేదా అంటారు. డిస్‌ప్లేలింక్ అని ఒకటుంది. డిస్‌ప్లే కంట్రోలర్ జోలికి పోకుండా, ప్రాసెసర్‌తోనే బొమ్మని కుదించి మామూలు యూఎస్‌బీ డేటాలా పంపేస్తుంది. డాక్‌లో ఉన్న చిప్ దాన్ని విప్పి మానిటర్‌కి ఇస్తుంది. విండోస్‌లో, మ్యాక్‌లో దీంతో అదనపు మానిటర్లు పెట్టుకోవచ్చు. కానీ దానికి సిస్టమ్ లోపల డ్రైవర్ పెట్టనివ్వాలి. ఐప్యాడ్‌లో ఆ దారి లేదు. ఆండ్రాయిడ్‌లో డిస్‌ప్లేలింక్ ప్రెజెంటర్ యాప్ ఉంది, అది తెర నకలు పంపుతుంది. మళ్లీ అద్దమే.

టాబ్‌కి రెండు మానిటర్లు ఎవడికి కావాలి, అంత పని ఉంటే లాప్‌టాప్ కొనుక్కోవచ్చు కదా అని మీలో కొందరు అంటారు. సగం ఒప్పుకుంటాను. మానిటర్లు వచ్చినంత మాత్రాన కంపైలర్ రాదు. ఐప్యాడ్‌కి ఎంత పెద్ద తెర పెట్టినా డాకర్ నడవదు, మన డీబీఎమ్ఎస్ లాబ్ సెటప్ అందులో ఇన్‌స్టాల్ కాదు. బ్రౌజర్‌లోనో, రిమోట్ సర్వర్‌లోనో పని చేసుకోవాలి. సీఎస్ఈ జూనియర్ అడిగితే నేను లాప్‌టాప్ అనే చెప్తాను.

కానీ మిగతా సగం ఒప్పుకోను. టాబ్‌ని కీబోర్డ్‌తో కలిపి కంప్యూటర్‌లా చూపించి, కంప్యూటర్ ధర తీసుకుని, "ఇది టాబ్ కదా, ఇంతే" అనడం ఏం న్యాయం? కంప్యూటర్ అని అమ్మితే కంప్యూటర్ ప్రశ్నలకి జవాబు చెప్పాలి. ఇంకో మాట కూడా వినిపిస్తుంది, టాబ్ అందమే దాని సింపుల్‌తనం, నాలుగు కిటికీలు పెడితే అది పోతుందని. అక్కర్లేనివాళ్లు కేబుల్ పెట్టరు. కేబుల్ కొని, మానిటర్ కొని, బల్ల సర్దుకున్న మనిషి సింపుల్‌తనం వెతుక్కుంటూ రాలేదు.

రెండో మానిటర్ ఇవ్వకపోయినా పోనీ. నేను గట్టిగా అడుగుతున్నది చెప్పమని. 10 రూపాయల బిస్కెట్ పాకెట్ మీద ఎన్ని గ్రాములో రాయాలని మన దేశంలో రూల్ ఉంది. ఫ్రిజ్ మీద స్టార్లు అంటించి ఉంటాయి. టైప్-సి విషయంలో కూడా ప్రభుత్వాలు ఊరికే లేవు. మన బీఐఎస్ 2023 జనవరిలో టైప్-సికి భారతీయ ప్రమాణం ప్రకటించింది. యూరప్‌లో 2024 డిసెంబర్ 28 నుంచి కొత్తగా అమ్మే ఫోన్లకి, టాబ్‌లకి టైప్-సి ఛార్జింగ్ తప్పనిసరి చేశారు. మంచిదే, ఒక ఛార్జర్‌తో అన్నీ నడుస్తున్నాయి. కానీ వీటివల్ల ఒకటైంది కన్నం ఆకారం. ఆ కన్నం ఏం చేయగలదో ఎవరికి వారే. నిజానికి అన్ని కన్నాలూ ఒకేలా కనిపించడం మొదలయ్యాక మోసపోవడం తేలికైంది. పాత రోజుల్లో హెచ్‌డీఎంఐ కన్నం లేకపోతే మానిటర్ రాదని చిన్నపిల్లాడికి కూడా తెలిసేది.

డబ్బా మీద మూడు ముక్కలు రాస్తే చాలు. వీడియో బయటకి వస్తుందా, రాదా. వస్తే ఎన్ని మానిటర్లకి. మిర్రరా, ఎక్స్‌టెండా. డాక్ డబ్బా మీద ఏ సిస్టమ్‌లో ఎన్ని తెరలు అన్నది "ట్రిపుల్ డిస్‌ప్లే" అన్నంత పెద్ద అక్షరాల్లోనే ఉండాలి. దీనికి కొత్త చిప్ అక్కర్లేదు, కొంచెం సిరా చాలు.

ఆ రోజు వచ్చేదాకా కొనబోయే వాళ్లకి నాకు తెలిసినంతలో చెప్తాను. నిజంగా రెండు బయటి మానిటర్లు కావాలంటే విండోస్ టాబ్ చూడండి, అందులోనూ థండర్‌బోల్ట్ 4 ఉన్నది అయితే మంచిది. ఒక్క మానిటర్ చాలు, కానీ ఎక్స్‌టెండ్ కావాలి అంటే, ఐప్యాడ్‌లలో ఎమ్1 లేదా ఆపై చిప్ ఉన్నది, శామ్‌సంగ్‌లో డెక్స్‌ని మానిటర్ మీద నడపగలిగే ఎస్ సిరీస్ మోడల్. కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ టెక్నికల్ స్పెసిఫికేషన్లు తెరిచి "ఎక్స్‌టర్నల్ డిస్‌ప్లే" అనే వరుస చదవండి. ఆ వరుసే లేకపోతే మానిటర్ ఆశ వదులుకోండి. డాక్ కొనేటప్పుడు అది ఎమ్ఎస్‌టీతో పనిచేస్తుందా, డిస్‌ప్లేలింక్‌తోనా అని అడగండి. అమ్మేవాడికి తెలియకపోతే కొనకండి.

ఇప్పటికే ఒక లాప్‌టాప్, ఒక టాబ్ రెండూ ఉన్నవాళ్లు తిరగేసి ఆలోచించండి. టాబ్‌కి మానిటర్ వెతికే బదులు టాబ్‌నే లాప్‌టాప్‌కి మానిటర్ చేసేయొచ్చు. మ్యాక్‌కి ఐప్యాడ్ అయితే 2019 నుంచి సైడ్‌కార్ ఉంది. శామ్‌సంగ్ టాబ్‌ల ఎస్ సిరీస్‌లో సెకండ్ స్క్రీన్ అని ఉంటుంది, విండోస్‌తో వైర్‌లెస్‌గా కలుస్తుంది. మిగతావాళ్లకి స్పేస్‌డెస్క్ లాంటి యాప్‌లు ఉన్నాయి. ఇది అద్దం కాదు, నిజమైన ఎక్స్‌టెండే. దీనికి తోడు సికింద్రాబాద్ సీటీసీలోనో, మీ ఊళ్లో కంప్యూటర్ రిపేర్ షాపులోనో ఒక సెకండ్ హ్యాండ్ మానిటర్ దొరికితే మూడు తెరలు అయిపోయినట్టే.

చివరిగా మన సీఎస్ఈ అసోసియేషన్‌కి ఒక ప్రతిపాదన. వచ్చే ఫ్రెషర్స్ వారంలో లాబ్ బయట ఒక బల్ల వేద్దాం. రెండు పాత మానిటర్లు, ఒక ఎమ్ఎస్‌టీ డాక్, ఒక డిస్‌ప్లేలింక్ డాక్, నాలుగు రకాల కేబుల్స్ పెడదాం. ఎవరి దగ్గర ఏ టాబ్ ఉంటే అది తెచ్చి గుచ్చాలి. ఏం వచ్చిందో, మిర్రరా ఎక్స్‌టెండా, ఎన్ని తెరలు, ఒక షీట్‌లో మోడల్ పేరుతో రాసుకుందాం. ఏడాదికోసారి ఇలా చేస్తే, కంపెనీలు డబ్బా మీద రాయని లైన్ మన జూనియర్ల కోసం మనమే రాసినట్టవుతుంది. మొదటి సంవత్సరం డాక్ దొరకలేదంటే, మా ఫ్లోర్‌లో ఒకటి ఖాళీగానే ఉంది.